మందు చల్లిన కూర – గడువు దినములు



అన్నవరమను పేరులోనే అన్నమున్నది. రత్నగిరిపై సత్యనారాయణస్వామి సన్నిధిని ఏటేట వేలకొలది దంపతులు పీటలపై కూర్చుండి వ్రతమొనర్తురు. అరటిపండ్లు, తమలపాకులు, కొబ్బరికాయలు పళ్ళెరములలో నమర్చుకొని పూజ ముగించి, గోధుమనూకయు పంచదారయు నేయియు చేర్చి వండిన ప్రసాదమును ఆకుపొట్లముగా గట్టుకొని, ఇంటివారికిని ఇరుగుపొరుగువారికిని పంచుటకు భక్తితో గొనిపోవుదురు. నోట బెట్టుకొను పదార్థము శుచిగా నుండవలెనను పట్టుదల మన స్త్రీలకు క్రొత్తగా నేర్పవలసినది గాదు. స్నానము చేసి మడి గట్టుకొని వండుట, ఎంగిలి సోకనీయకుండుట, బియ్యము నాలుగుమాఱులు కడుగుట మన తల్లులనాటి నుండి వచ్చుచున్న ఆచారములే.

అయినను మడికి లొంగని మైల యొకటి గడచిన డెబ్బది యెనుబది సంవత్సరములలో మన వంటయింట జొఱబడినది. అది కంటికి గనబడదు. ముక్కునకు వాసన రాదు. పెక్కు వేళల నాలుకకు రుచియు తెలియదు. పైరునకు పట్టిన పురుగును చంపుటకై రైతు కొట్టిన మందులో కొంత కాయపైనను, కాయలోపలను, నేలలోను నిలిచిపోవుటయే యా మైల. దీనికే పురుగుమందుల అవశేషమని పేరు. ఈ శేషము ఎంతకాలముండును, ఎట్లు విఱుగును, దానిని తగ్గించుటకు ఇల్లాలు చేయగల దేమి యను విషయములను తెలిసికొనుట నేడు వంట నేర్చుటవంటిదే.

ఏలూరు నేర్పిన పాఠము

అన్నవరమున రైలెక్కి సామర్లకోట, రాజమహేంద్రవరము, తాడేపల్లిగూడెముల మీదుగా పోయినచో ఏలూరు చేరుదుము. ఆ పట్టణమున 2020వ సంవత్సరము డిసెంబరు మొదటివారమున జరిగిన సంగతి పలువురకు జ్ఞాపకముండును. వన్‌టౌను ప్రాంతమునందు మొదట కొందఱు, తరువాత పదులకొలది జనులు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోయిరి. నోట నురుగు, తలనొప్పి, వాంతి, కొంతసేపు మఱపు – ఇవి లక్షణములు. పిల్లలు, పెద్దలు, ఆడవారు, మగవారు నను భేదము లేదు. ఒకవారములో ఆఱువందలకు పైగా ఆసుపత్రికి వచ్చిరి. అత్యధికులు ఒకటి రెండు దినములలో కోలుకొని యిండ్లకు పోయిరి.

మొదట అందఱును నీటిని అనుమానించిరి. పిమ్మట ఢిల్లీ ఎయిమ్స్ వైద్యశాలవారు రోగుల రక్తమున సీసము, నికెలు నను లోహములను గనుగొనిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు కూరగాయలను, రక్తమును పరీక్షించి పురుగుమందుల జాడలను గుర్తించిరి. ఆ నెల నడుమ నిపుణులు ప్రభుత్వమునకు తమ యభిప్రాయము చెప్పునప్పుడు పురుగుమందుల శేషమే ప్రధాన కారణమై యుండునని తెలిపిరి. అది ఏ త్రోవను అందఱి శరీరములలోనికి ఒక్కమాఱుగా ప్రవేశించెనో మాత్రము అప్పుడు నిర్ధారింపలేకపోయిరి.

నిత్యము మనము తిను కూరలో నుండు శేషము ఇట్లు మూర్ఛలు తెప్పించునంతటిది గాదు. దానిని జూచి బెదరి కూరలు మానుట అవివేకము. కూరగాయలు మానినచో కలుగు హాని అంతకంటె పెద్దది. కాని ఏలూరు మనకు ఒక సంగతిని స్పష్టముగా చూపినది. పొలములో చల్లినది పొలములోనే ఆగదు. అది బుట్టలోనికి, సంతలోనికి, పళ్ళెములోనికి నడచి వచ్చును.

మన నరములకు దీనితో నేమి సంబంధమని యడుగవచ్చును. నరమునుండి కండరమునకు ఆజ్ఞను చేరవేయు పదార్థ మొకటి శరీరమున గలదు. పని తీఱిన వెంటనే దానిని తొలగించుటకు ఒక ఎన్‌జైము గలదు. ఆర్గానోఫాస్ఫరసు జాతి మందులు ఆ ఎన్‌జైమును బంధించును. అప్పుడు ఆజ్ఞ ఆగక సాగుచునే యుండును. పురుగు తన్నుకొని చచ్చుట ఇందువలననే. పురుగు నరమునకును మనిషి నరమునకును ఈ విషయమున భేదము లేదు. మోతాదు మాత్రమే భేదము. పసిబిడ్డలు తమ బరువునుబట్టి చూడగా పెద్దలకంటె ఎక్కువ తిందురు, త్రాగుదురు. కావున వారి భాగమునకు వచ్చు శేషమును ఎక్కువయే.

మందు ఎట్లు విఱుగును?

చల్లిన మందు చల్లినట్లే యుండిపోదు. ఆకుపై బడిన క్షణమునుండియే దానిని పాడుచేయు శక్తులు పనికి దిగును. ఎండ దానిని విఱుచును. గాలి కొంత ఆవిరిగా గొనిపోవును. వాన కొంత కడిగివేయును. మొక్క తనలోని ఎన్‌జైములచేత కొంతదానిని ముక్కలుచేసి చక్కెరతో కలిపి మూలన బెట్టును. కాయ పెరుగుచుండుటచేత ఉన్న మందే ఎక్కువ కండలో పంచబడి పలుచనగును.

ఈ తగ్గుదలకు ఒక లెక్క గలదు. ప్రతిదినము ఇంత యని సమముగా తగ్గదు. ఉన్నదానిలో సగము, మఱల నందు సగముగా తగ్గును. ఒక మందు మూడు దినములలో సగమగు ననుకొనుడు. మొదటి దినమున పదునాఱు పాళ్ళున్నచో మూడవనాటికి ఎనిమిది, ఆఱవనాటికి నాలుగు, తొమ్మిదవనాటికి రెండు, పండ్రెండవనాటికి ఒకటి మిగులును. ఇందువలన రెండు సంగతులు తెలియుచున్నవి. మొదటి కొలది దినములలోనే ఎక్కువ భాగము పోవును. కావున ఒక్కొక్క దినమాగుటకు ఎంతో విలువ గలదు. పూర్తిగా సున్నయగుటకు మాత్రము చాలకాలము పట్టును.

మందులలో రెండు తెగలు గలవు. కొన్ని కాయపైననే నిలుచును. వీనిని నీరు కొంతవఱకు కడుగును. మఱికొన్ని వేరునుండియో ఆకునుండియో లోనికి జొచ్చి మొక్క రసములో కలిసి తిరుగును. మోనోక్రోటోఫాసు, ఇమిడాక్లోప్రిడు నీ తెగవి. రసము పీల్చు పేను, తెల్లదోమ చచ్చుటకు వీనిని వాడుదురు. లోపల నున్న దానిని ఎన్ని నీళ్ళు పోసి కడిగినను పోదు. దానిని పోగొట్టగలది కాలమొక్కటియే.

విఱిగినదంతయు నిర్దోషమని తలంపరాదు. కొన్ని మందులు విఱిగి మొదటిదానికంటె చెడ్డవగును. ఎసిఫేటును మందు మొక్కలో విఱిగి మెథమిడోఫాసుగా మాఱును. ఇది తల్లికంటె తీవ్రమైన బిడ్డ. ఎండోసల్ఫాను మాఱి ఎండోసల్ఫాను సల్ఫేటగును. దీని విషము తగ్గదు, ఆయుర్దాయము మాత్రము హెచ్చును. అందుచేతనే పరీక్షశాలలయందు చల్లిన మందునే గాక దాని సంతతినిగూడ వెదకుదురు.

నేలలోని పని

చల్లిన మందులో కాయకు తగులునది కొంతయే. మిగిలినది నేలపై బడును. నేలయందు దానిని తినివేయువి సూక్ష్మజీవులు. పిడికెడు మంచి మట్టిలో కోట్లకొలది యుండు నీ జీవులకు కొన్ని మందులు ఆహారమే. మలాథియాను నేలలో కొలదిదినములలోనే సగమగును. క్లోర్‌పైరిఫాసునకు సాధారణముగా రెండు మొదలు నాలుగు నెలలు పట్టును. డి.డి.టి.కి రెండు మొదలు పదునైదు సంవత్సరముల వఱకు పట్టునని లెక్క.

డి.డి.టి. కథ తెలిసికొనదగినది. అది పురుగులను చంపునని 1939లో స్విట్జర్లాండు దేశీయుడగు పాల్ ముల్లరు గనుగొనెను. మలేరియా దోమను, టైఫసు జ్వరము వ్యాపింపజేయు పేనును చంపి లక్షలమందిని బ్రతికించినందున ఆయనకు 1948లో నోబెలు బహుమాన మిచ్చిరి. అది త్వరగా విఱుగకపోవుటయే అప్పుడు దాని గొప్పగుణముగా దోచినది. తరువాత నదియే దోషమైనది. అది నీటిలో కరగదు, క్రొవ్వులో కరగును. గడ్డినుండి ఆవునకు, ఆవుపాలనుండి మనిషికి, తల్లిపాలనుండి బిడ్డకు చేరుచు ప్రతి మెట్టునను చిక్కబడును. అమెరికాలో రేచెల్ కార్సను అను శాస్త్రజ్ఞురాలు 1962లో "నిశ్శబ్ద వసంతము" అను నర్థమిచ్చు పేరుతో ఒక గ్రంథము వ్రాసి ఈ యపాయమును లోకమునకు చాటెను. 1972లో అమెరికాయు, 1989లో మనదేశమును పైరులపై దానిని వాడుట మాన్పించినవి. దాని తోడిదగు బి.హెచ్.సి. పొడి మనదేశమున 1997లో నిషేధింపబడినది.

నేలను బట్టియు భేదము గలదు. అన్నవరము చుట్టునున్నది మెట్టసీమ. దక్షిణమున గోదావరి కాలువల క్రింద నున్నది మాగాణి. వరిచేనిలో నీరు నిలిచియుండగా అడుగు మట్టికి గాలి తగులదు. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు వేఱు. బి.హెచ్.సి. వంటి మందు ఆరిన నేలలోకంటె నీరు నిలిచిన మడిలో త్వరగా విఱుగునని ఫిలిప్పీన్సునందలి అంతర్జాతీయ వరి పరిశోధనాలయములో 1960 తరువాతి యేండ్లలో గనుగొనిరి. మనదేశపు శాస్త్రజ్ఞుడగు సేతునాథను 1973లో అచ్చటి వరిమడి నీటినుండి ఒక సూక్ష్మజీవిని వేఱుచేసెను. అది డయాజినాను, పెరథియాను నను మందులను విఱుచునది. ఆ జీవి నేటికిని లోకమందలి శాస్త్రశాలలలో ఉపయోగపడుచున్నది. పేడయెరువు, ఆకుయెరువు వేసి మట్టిని సజీవముగా నుంచిన రైతు తెలిసియో తెలియకయో విషమును తినివేయు సైన్యమును పోషించుచున్నాడన్నమాట.

గడువు దినములు

ఇంతవఱకు చెప్పినదాని సారమిది: విషమును కడుగు నిజమైన నీరు కాలము. మందు కొట్టిన దినమునకును కోయు దినమునకును నడుమ ఇన్ని దినములుండవలెనని ప్రతి మందునకు ప్రతి పైరునకు వేఱువేఱుగా నిర్ణయించి డబ్బాతో వచ్చు కాగితముపై వ్రాయుదురు. కొన్నిటికి ఒకటి రెండు దినములు, కొన్నిటికి వారము, కొన్నిటికి నెలకు మించియు నుండును. దీనినే ఇచ్చట గడువని పిలుచుచున్నాను. గడువు పాటించినచో శేషము ప్రభుత్వము విధించిన హద్దునకు లోబడునని శాస్త్రజ్ఞుల నమ్మకము. హద్దు ప్రత్యేకముగా విధింపని మందులకు కిలోకు 0.01 మిల్లీగ్రాము అనగా పదికోట్ల పాళ్ళలో ఒక పాలు మించరాదని మన ఆహార భద్రతా సంస్థవారి నియమము.

నియమము బాగుగనే యున్నది. కష్టము పొలములో నున్నది. బెండకాయ రెండు దినములు కోయకున్న ముదిరి పనికిరాదు. వంకాయ, పచ్చిమిరప, టమాటా కాపులోనున్నప్పుడు వారమునకు రెండు మూడుమాఱులు కోయవలెను. మందునకు గడువు ఏడు దినములున్నచో ఆ నడుమ వచ్చు కాయలను రైతు ఏమి చేయవలెను? పాఱవేసిన అప్పు తీఱదు. అమ్మినచో శేషము మన యింటికి వచ్చును. ఇది రైతు దుర్మార్గము గాదు, అతని యిక్కట్టు. పుచ్చుకాయ ఎవరును కొనరని యతనికి తెలియును. నిగనిగలాడుచు మచ్చలేని వంకాయను ఏరుకొనువారు మనమే. చిన్న తూటున్న దానిని త్రోసివేయువారును మనమే. కాయతొలుచు పురుగు చేసిన తూటును మనము కత్తితో కోసి పాఱవేయగలము. దానికి బదులుగా కాయయంతట వ్యాపించిన మందును కోసి పాఱవేయలేము.

ఆకుకూరల సంగతి యింకను సున్నితము. తోటకూర, కొత్తిమీర, కరివేపాకులకు బరువు తక్కువ, వైశాల్యమెక్కువ. అందుచే పైబడు మందు ఎక్కువ. కొత్తిమీర, తమలపాకు పచ్చిగనే నోటికి పోవును. వ్రతమునకు తాంబూలముగా నిచ్చు ఆకులనుగూడ ఒక్కొక్కటిగా రెండువైపుల కడిగి తుడిచి యిచ్చుట మంచిది.

చట్టము తన పని తాను చేయుచున్నది. 1958లో ఓడలో పెరథియాను తగిలిన గోధుమపిండి తిని కేరళలో నూఱుమందికి పైగా మరణించిన పిమ్మట చర్చలు జరిగి, 1968లో పురుగుమందుల చట్టము వచ్చినది. మోనోక్రోటోఫాసును కూరగాయలపై వాడరాదని 2005లో ఆజ్ఞాపించిరి. ఎండోసల్ఫానును 2011లో సుప్రీముకోర్టు ఆపినది. ఫోరేటు, ట్రయజోఫాసు మున్నగునవి 2020 డిసెంబరు 31వ తేదీతో నిలిచిపోయినవి. కాని ప్రతి తోటలోను ప్రతి కోతనాడును చట్టము నిలుచుండి చూడలేదు గదా.

వంటయింటి జాగ్రత్తలు

ఇల్లాలు తన చేతనైనంత తగ్గించుకొను మార్గములు గలవు.

కూరగాయలను తఱుగకముందే ధారగా పాఱు నీటిలో చేతితో రుద్ది కడుగవలెను. తఱిగిన పిమ్మట కడిగినచో పోషకములు పోవును. లీటరు నీటికి ఇరువది గ్రాముల ఉప్పు కలిపి పది నిమిషములు నాననిచ్చి, మఱల మంచినీట కడిగినచో పైశేషము మఱికొంత పోవును. సబ్బు, బ్లీచింగుపొడి వాడరాదు. ఒక విషమును తీసి మఱియొకదానిని పెట్టినట్లగును.

కోసుకూర పైపొరలు రెండు మూడు తీసివేయవలెను. కోసుపువ్వును విడదీసి కడుగవలెను. వంకాయ, బెండ, మిరపల తొడిమలయొద్ద మందు నీరు నిలుచును గనుక తొడిమ క్రింది భాగమును కొంచెము విరివిగా కోసివేయవలెను. దోస, సొర, బీరలకు తొక్క తీయుట మేలు. బీరతొక్క పచ్చడి చేయదలచినప్పుడు పెరటికాయయైన మంచిది. ఉడికించుటచేత కొన్ని మందులు విఱుగును. కావున పచ్చిగా తినువానియందే ఎక్కువ జాగ్రత్త యుండవలెను.

ఈ యుపాయములన్నియు పైనున్నదానికే గాని లోనున్నదానికి గావని మఱువరాదు.

వ్యవసాయము చేయు ఇండ్లలో మఱికొన్ని జాగ్రత్తలు ముఖ్యము. మందుడబ్బాపై వాడిగా నిలిచిన చతురస్రపు గుర్తొకటి యుండును. దాని క్రిందిసగపు రంగును జూచి విషము తీవ్రతను గుర్తింపవచ్చును. ఎఱుపు మిక్కిలి తీవ్రము. తరువాత వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ. చదువురాని కూలివానికిగూడ ఈ రంగులను ఇల్లాలు నేర్పవచ్చును. మందు కొట్టివచ్చినవారి బట్టలను బిడ్డల బట్టలతో కలిపి ఉతుకరాదు. ఖాళీ డబ్బాలో నూనెయో నీరో పప్పో పోసి యుంచుట ఎంతమాత్రము కూడదు. 2013 జూలైలో బీహారు రాష్ట్రపు సారణు జిల్లాయందు ఒక బడిలో మధ్యాహ్నభోజనము తిని ఇరువదిమువ్వురు పిల్లలు చనిపోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాసు కలిసినదని పరీక్షలలో తేలినది. ఒక్క డబ్బా ఎంతపని చేయునో ఈ ఘోరము చెప్పుచున్నది.

స్త్రీల చేతిలోని పని

గడువునకును కోతకును నడుమ నున్న చిక్కును విప్పు మార్గము మన తెలుగుదేశముననే కొందఱు చూపిరి. అప్పటి ఖమ్మముజిల్లాలోని పునుకుల గ్రామము ప్రత్తిపై మందులు కొట్టికొట్టి అప్పులపాలైన యూరు. అచ్చటివారు క్రమముగా వేపగింజల కషాయము, ఎరపంటలు, లింగాకర్షక బుట్టలు మున్నగువానితో పురుగును అదుపునందుంచి, 2004లో తమ యూరికి పురుగుమందులు వలదని పంచాయతిద్వారా ప్రకటించుకొనిరి. ఇందులో మహిళాసంఘముల పట్టుదల చాల యున్నది. మగవాడు పంట పోవునని జంకినచోట, ఆసుపత్రి ఖర్చును అప్పువడ్డీని లెక్కగట్టి చూపినది ఇంటి ఆడదే. పిమ్మట స్వయంసహాయక సంఘముల మూలముననే ఈ పద్ధతి ఆంధ్రదేశమున పలుజిల్లాలకు ప్రాకినది. 2016 నుండి రైతు సాధికార సంస్థ దీనిని ప్రకృతి వ్యవసాయమను పేరుతో నడపుచున్నది.

వేపకషాయమునందలి సుగుణము మన ప్రకృత విషయమునకు సరిగా సరిపోవును. అయిదుకిలోల వేపగింజల పప్పును దంచి గుడ్డమూటగట్టి రాత్రి నీట నానవేసి, ప్రొద్దుట పిండి వడగట్టి, కొంచెము సబ్బుపొడి చేర్చి నూఱులీటర్లు చేసి చల్లుదురు. దానిలోని సత్తువ ఎండకు కొలదిదినములలోనే విఱిగిపోవును. అందుచే సాయంకాలము చల్లవలెను. త్వరగా విఱుగుట కాపులోనున్న కూరతోటకు వరమే. రెండుదినముల కొకమాఱు కోయవలసిన బెండకు ఇటువంటిదే తగును. పెరటిలో నాలుగు వంగమొక్కలు, రెండు పాదులు పెంచు ఇల్లాలికిని ఇది సులభసాధ్యము.

ఇక కొనువారి కర్తవ్యము. తోటనుండి తెచ్చి యమ్ము మనిషి మన వీధిలోనికి వచ్చినప్పుడు "కిలో యెంత?" అని యడుగుటతోపాటు "మందు ఎప్పుడు కొట్టినారు? ఎన్నినాళ్ళకు కోసినారు?" అనియు అడుగుదము. మొదట నవ్వవచ్చును. పది యిండ్లలో అదే ప్రశ్న వినబడినచో ఆ మాట తోటకు చేరును. గడువు పాటించి కోసితినని చెప్పు రైతునకు రూపాయి ఎక్కువ యిచ్చుటకు వెనుదీయరాదు. ఆతడు మనకొఱకు ఆగిన దినముల వెల యది. చిన్న తూటున్న వంకాయను త్రోసివేయక బుట్టలో వేసికొనుట కూడ ఆ రైతునకు మనము చేయు సాయమే. మహిళాసంఘములలో సభ్యురాండ్రయినవారు తమ యూరి కూరతోటలలో కాపుకాలమున ఏ మందులు కొట్టుచున్నారో, వాని గడువులేవో యొక కాగితముపై వ్రాసి రచ్చబండయొద్ద అంటించినచో అది ఊరందఱికి ఉపకారము.

మన తల్లులు అన్నమును కంటితో చూచి, చేతితో ఏరి, రాళ్ళు తీసి వండిరి. నేటి రాయి కంటికి కనబడనిది. దానిని ఏరుటకు కావలసినది ప్రశ్నించు నోరు, దినములు లెక్కించు ఓర్పు. ఈ రెండును మనకు లేనివి గావు.